ఆ జీర పోనివ్వకండి

ఎర్రలైటు వెలుగుతున్నంతసేపూ ఆ తలుపు తీయకూడదు. ఫిలింనగర్లో పాలు పోసేవాడికి కూడా తెలిసిన సంగతి అది. బాలాత్రిపురసుందరికి పెళ్లయిన కొత్తలోనే తెలిసింది. పట్టాభిరామయ్య మొదటిసారి ఆమెను డబ్బింగ్ థియేటరుకి తీసుకొచ్చి, తలుపు మీది బల్బు చూపించి, ఇది వెలిగిందంటే లోపల ఊపిరి పీల్చినా మైకులో పడుతుంది, బయట నువ్వు గాజులు కూడా కదపకు అని చెప్పాడు. అప్పటినుంచి ఇప్పటిదాకా కదపలేదు. ఇవాళ మాత్రం ఆ బల్బు కేసి చూస్తుంటే కాలిచెప్పు తీసి విసరాలనిపిస్తోంది. కాళ్ల దగ్గర ఆస్పత్రి సంచీ ఉంది. అందులో రెండు లుంగీలు, తువ్వాలు, స్టీలు గ్లాసు, ఒక పలక, బలపాల పెట్టె. పలక ఎందుకంటే రేపు పొద్దున్న ఆయన గొంతు తీసేస్తారు, తర్వాత కొన్నాళ్లు ఏం కావాలన్నా రాసి చూపించాలి. ఫోన్లో టైపు చేయొచ్చుగా అంది కూతురు సాయిసుధ, కానీ ఆ మహానుభావుడు ఒక్క వేలితో టైపు చేసేసరికి దాహం తీరిపోయి మళ్లీ వేస్తుంది. అందుకని నిన్న కృష్ణానగర్ సందులో పుస్తకాల కొట్టుకెళ్లి పలక కొంది. పిల్లాడు బడిలో చేరుతున్నాడా అమ్మా అనడిగాడు కొట్టువాడు. అవునంది. ఇంకేం అంటుంది. ఈ పూట పన్నెండు లోపల అడ్మిట్ కావాలి, కాకపోతే ఆ మంచం ఇంకొకరికి ఇచ్చేస్తారు. ఒకసారి ఇచ్చేశారు కూడా, అప్పుడు ట్రైలరు డబ్బింగ్ అడ్డం వచ్చింది. ఇవాళ క్లైమాక్సు అడ్డం వచ్చింది. దారిలోనే కదా, ఒక్క సీను, గంటలో వచ్చేస్తానని లోపలికి వెళ్లాడు. ఆ గంట ఎప్పుడో దాటిపోయింది, కింద కారు డ్రైవరు రెండుసార్లు ఫోన్ చేశాడు, లైటు మాత్రం నిమ్మళంగా వెలుగుతూనే ఉంది.

ప్రొడక్షన్ మేనేజరు రాఘవేంద్ర టీ కప్పు తెచ్చి ముందు పెట్టాడు. "ఫికర్ చెయ్యకుండ్రి మేడం, జరసేపట్ల అయిపోతది. సార్ గొంతు ఇయ్యాల మస్తు పలుకుతున్నది. డైరెక్టర్ సాబ్ ఫుల్ ఖుష్" అన్నాడు. మంచివాడే పాపం, పోయినసారి మందులు తనే తెచ్చిపెట్టాడు. మంచివాడు కాబట్టే మరీ ఒళ్లు మండింది. మస్తుగా పలుకుతోందట. పలకదూ మరి? రాత్రంతా ఆ గొంతు ఈలవేసింది. పడుకుంటే ఊపిరి ఆడక, గోడకి దిండ్లు ఆనించుకుని కూర్చునే నిద్రపోయాడు మనిషి. పక్కన ఈమె ఆ ఈలకి చెవులప్పగించి, ఆగితే గుండె ఆగి, మళ్లీ మొదలైతే తిట్టుకుని, తెల్లారేదాకా అదే పని. అదే గొంతు ఇక్కడ మైకు ముందుకొచ్చేసరికి సింహం అయిపోయింది కాబోలు. డైరెక్టరుగారు ఖుషీ అయ్యారట. అవ్వనీ. ఆవిడ టీ ముట్టుకోలేదు. ముట్టుకుంటే మర్యాదగా మాట్లాడాలి, ఇవాళ ఆవిడ దగ్గర మర్యాద లేదు.

ఎప్పుడు మొదలైందో ఆవిడకి తెలుసు. డాక్టర్లకంటే ముందే తెలుసు. శ్రీనగర్ కాలనీలో వాళ్ల ముందుగదిలో పొద్దున్నే ఆవిడ దగ్గర పాట నేర్చుకునే పిల్లలు సరళీస్వరాలకి కూర్చుంటారు, శ్రుతిపెట్టె మోగుతుంటుంది, పట్టాభి బాత్రూంలో గడ్డం గీసుకుంటూ అక్కణ్ణించే వాళ్లతో కలిసి కింది షడ్జమం పట్టేవాడు. పిల్లలు కిసుక్కుమనేవాళ్లు. ఆ సా మీద ఇల్లు కట్టుకోవచ్చు, అంత నిలకడ. ఆయనకి సంగీతం రాదు, సాధన లేదు, దేవుడిచ్చిన గొంతు అంతే, ఏళ్ల తరబడి సాధన చేసిన తనకి లేని నిలకడ ఆ గొంతుకుందని ఆవిడకి కొంచెం ఉక్రోషం కూడా ఉండేది. దసరాలు వెళ్లిన తర్వాత ఒకరోజు ఆ సా నిలబడలేదు. సన్నగా చీలింది. అంతకుముందు రోజు క్లైమాక్సు అరుపులు అరిచానన్నాడు. సరే అనుకుంది. మర్నాడూ చీలింది. కార్తీకమాసం వచ్చింది, పోయింది, పిల్లలు జంటస్వరాల్లోకి వెళ్లారు, ఆయన షడ్జమం మాత్రం శ్రుతిపెట్టెకి అరస్వరం కిందే వేలాడుతోంది. ఒకసారి గొంతు డాక్టరుకి చూపించుకోండి అంది. నవ్వాడు. "నీకు శ్రుతి తెలుసు బాలా, మైకు తెలీదు" అన్నాడు. ఆ నవ్వులోనూ గరగర ఉంది. ఆవిడ మళ్లీ చెప్పింది, మళ్లీ మళ్లీ చెప్పింది, తమలపాకులూ మిరియాలూ వేసి కషాయం కాచి ఇచ్చింది. అది వాష్ బేసిన్లో పోసేస్తున్నాడని తర్వాత తెలిసింది. ఎందుకు పోశారండీ అంటే, తగ్గిపోతుందేమోనని. తగ్గిపోతుందేమోనని! లోకంలో ఏ రోగి అయినా మందు తగ్గిస్తుందన్న భయంతో పారబోస్తాడా? ఈ ఫిలింనగర్లో పారబోస్తాడు.

ఎందుకంటే ఆ గరగర ఈ అద్వైత్‌కి నచ్చింది. అద్వైత్ అంటే ఇప్పుడు లోపల కూర్చున్న డైరెక్టరే, మొదటి సినిమాకే పేరొచ్చిన కుర్రాడు. వాడి విలనుకి నాలుగు గొంతులు పెట్టి చూసి నచ్చక, చివరికి పట్టాభిని పిలిచి, ఆయన క్షమించండి బాబూ గొంతు బాలేదు అంటుంటే ఆ క్షమించండి విని ఎగిరి గంతేశాడట. ఇదే, ఇదే సార్ నాకు కావాల్సింది, ఆ జీర పోనివ్వకండి. సినిమా ఆడింది. విలను గొంతు గురించి జనం మాట్లాడుకున్నారు. ఇరవై అయిదేళ్లు తండ్రులకీ జడ్జీలకీ గొంతిచ్చి ఎవరికీ పేరు తెలియని మనిషికి ఒక్కసారిగా పేరొచ్చింది. ఇంకో డైరెక్టరు ఫోన్ చేశాడు, ఆ గొంతే కావాలన్నాడు. ఇంకొకడు చేశాడు. నీళ్లు తక్కువ తాగండి సార్, పొద్దున్నే రికార్డింగ్ పెట్టుకుందాం, పొద్దున్నయితే ఇంకా పొడిగా ఉంటుంది. స్టేజీ మీద శాలువా కప్పి, ఈ వయసులో దేవుడు ఆయనకి కొత్త గొంతు ప్రసాదించాడని ఎవరో అన్నారు, హాలంతా చప్పట్లు. ముందువరసలో కూర్చుని ఆవిడ కూడా కొట్టింది, కొట్టకపోతే బావుండదు కదా. అదీ ఆవిడకి భరించలేనిది. ఎవరు వీళ్లంతా? చెవులతో బతికేవాళ్లు. పై అంతస్తులో ఫ్యాను తిరిగితే వింటారు. చేతివాచీ టిక్కుమంటోందని టేకు ఆపేస్తారు. లోపల ఉన్నాడే సిద్ధార్థ, సౌండు ఇంజినీరు, పట్టాభి మధ్యాహ్నం తిన్నది అరగలేదని ఆయన పొట్టలో గుడగుడ హెడ్‌ఫోన్లో విని చెప్పినవాడు. ఇంతమంది, ఇన్ని చెవులు, ఏడాదికి పైగా ఆ గొంతులో పెరుగుతున్న గడ్డని పొద్దున్నా సాయంత్రం విన్నారు. విని మెచ్చుకున్నారు. ఇంకొంచెం కావాలన్నారు. ఒక్కడంటే ఒక్కడు, సార్ ఇన్నాళ్లయినా తగ్గలేదేమిటి అని అడగలేదు. అడిగింది తనొక్కతే. తనకి మైకు తెలీదు కదా.

పైగా పలకరింపులొకటి. వచ్చిన ప్రతివాడూ సోఫాలో సర్దుకుని, కాఫీ తాగి, గొంతు తగ్గించి అడిగే మొదటి మాట, సిగరెట్లు తాగేవారా అండీ అని. తాగేవారు. ఈ థియేటరు మేడమీదే, టేకుకీ టేకుకీ మధ్య, గొంతు వెచ్చబడుతుందని అందరూ తాగుతుంటే ఆయనా తాగాడు, మానేసి ఎనిమిదేళ్లయింది. తాగేవారండీ అనగానే వాళ్ల మొహాలు తేటపడతాయి. అదీ సంగతి అన్నట్టు తలూపుతారు. లెక్క సరిపోయింది, తప్పు ఆయనది, మేము తాగలేదు కాబట్టి మాకు రాదు, ఇంకో కాఫీ ఉంటే ఇవ్వండి. వాళ్ల ముందు కప్పులు విసిరికొట్టనందుకు తనని తనే మెచ్చుకోవాలి. కొందరు ఇంకా తెలివైనవాళ్లు, జబ్బు పేరు పలకరు. అదేనటగా, అంటారు. ఆ జబ్బు అంటారు. పేరు పలికితే వాళ్ల నోటికంటుకుంటుందేమో. ఎందుకు పలుకుతారు, ఈ పరిశ్రమే కదా జనానికి ఆ పేరంటే చావని నేర్పింది. పట్టాభి ఎన్ని సినిమాల్లో డాక్టరుకి గొంతిచ్చాడో. తెల్లకోటు, కళ్లజోడు తీయడం, ఒక నిట్టూర్పు, చేయి దాటిపోయింది, ఇక దేవుడే దిక్కు. హీరో తల్లికి అదే డైలాగు, హీరోయినుకి అదే డైలాగు. చేతిరుమాల్లో ఒక రక్తపు మరక, తర్వాత పాట, తర్వాత చావు. ఒక్క సినిమాలో, ఒక్కదాంట్లో, ఎవరైనా మొదట్లోనే వెళ్లి చూపించుకుని, ఆరువారాలు మందులు తిని, జుట్టు ఊడి, మళ్లీ మొలిచి, టిఫిను డబ్బా పట్టుకుని ఆఫీసుకెళ్లారా? వెళ్లరు. కథ ఉండదట. కృష్ణానగర్లో వాళ్లు అద్దెకున్నప్పుడు పక్కవాటాలో జగదాంబ అని గ్రూపు డాన్సరు ఉండేది. రొమ్ములో గడ్డ వస్తే రెండేళ్లు జాకెట్టు కింద గుడ్డ కట్టుకుని ఆడింది. తెలిస్తే పాటకి పిలవరని. నొప్పి లేదు కదక్కా, దగ్గు లేదు, రక్తం లేదు, అదయితే రక్తం పడుతుంది కదా, అనేది. సినిమాలో చూసింది మరి. పోయేముందు వారందాకా రక్తం పడలేదు.

సంచీలో ఫోను మోగింది. సాయిసుధ. "బయల్దేరారా అమ్మా?" లేదంది. కూతురు ఆ ఆస్పత్రిలోనే పనిచేస్తుంది, కానీ డాక్టరు కాదు. ఊళ్లో ఎవరెవరికి ఏ క్యాన్సరు వచ్చిందో, ఎప్పుడు కనిపెట్టారో, ఏం వైద్యం చేశారో, ఎన్నేళ్లు బతికారో రాసిపెట్టే విభాగం ఒకటుంది, అందులో లెక్కలు కట్టే ఉద్యోగం. ఆయన రిపోర్టు వచ్చిన రోజున కూతురు ఏడవలేదు. కంప్యూటరు తెరిచి గీతలు చూపించింది. పై దేశాల గీత ఒకటి, మన గీత ఒకటి. మన దగ్గర వచ్చేది తక్కువమందికేనమ్మా, వచ్చినవాళ్లలో పోయేదే ఎక్కువ. ఎందుకే అంటే, ఆలస్యంగా వస్తారు కాబట్టి. స్వరతంతువు మీది గడ్డ చాలా సులువుగా దొరికిపోతుందమ్మా, గొంతు మారుతుంది కాబట్టి తనే చాటింపు వేసుకుంటుంది. మొదట్లోనే వస్తే రేడియేషనుతో పోతుంది, పదిమందిలో తొమ్మండుగురు బతుకుతారు, గొంతు కూడా దక్కుతుంది. నాన్నగారి దశలో అయితే సగం సగం. సగం సగం ఏమిటే, మీ నాన్న సగం బతుకుతారా, అని అరిచింది ఆ రోజు. పాపం పిల్ల ఏం చేస్తుంది, దానికి ఏడుపు రాక అంకెలు చెప్పింది. కానీ ఆ తొమ్మండుగురు ఈవిడ తలలోంచి పోవడం లేదు. ఎవరు వాళ్లు? ఎక్కడుంటారు? వాళ్ల ఇళ్లలో కూడా ఎవరో ఒకావిడ వెళ్లి చూపించుకోండి అనే ఉంటుంది కదా. వాళ్లు వెళ్లారు. వాళ్ల గొంతుకి చప్పట్లు కొట్టినవాళ్లు లేరు, అంతే తేడా. "అమ్మా, వింటున్నావా? పన్నెండు దాటితే నేనేం చేయలేను. ఇంకో మంచం మూడువారాలకి గానీ లేదు. అన్నాళ్లు ఆ ఊపిరితో..." కూతురికి ఇప్పుడొచ్చింది ఏడుపు. ఇన్నాళ్లకి. "తీసుకొస్తున్నా పెట్టెయ్" అంది.

లైటు ఆరింది. ఒక్క ఉదుటున లేచింది. సంచీ భుజానికి తగిలించుకుని తలుపు దాకా వెళ్లేసరికి, లోపల దగ్గు. తలుపు దళసరిది, దాంట్లోంచి కూడా వినపడిందంటే ఎంత దగ్గో. ఆ తర్వాత, తలుపుకి చెవి ఆనిస్తే, లోపలి స్పీకర్లోంచి అద్వైత్ గొంతు, ముద్దుగా, గౌరవంగా, "సూపర్ సార్. ఇంకొక్కటి చేద్దామా? ఈసారి ఆ దగ్గు తర్వాత వచ్చిన జీర ఉంది చూశారూ, అది పట్టుకుని." లైటు మళ్లీ వెలిగింది. ఆవిడ చెయ్యి తలుపు పిడి మీదే ఉండిపోయింది. సార్ అంటాడు, పెద్దాయన అంటాడు, కాళ్లకి దండం పెడతాడు, మనిషిని మాత్రం చెరుకుగడలా మిషన్లో పెట్టి తిప్పుతున్నాడు, ఇంకో చుట్టు, ఇంకో చుట్టు. వీడినంటావా, ఈయనని ఏమనాలి? కాదనలేడా? నోరు లేదా? నోరే కదా ఉన్నది. ఎవరెవరికో అరువిచ్చి ఇచ్చి, తనకోసం ఒక్క ముక్క మాట్లాడుకోవడం మర్చిపోయాడు. ఆ విలను ఉత్తరాదివాడు, తెలుగు ఒక్క ముక్క రాదు. షూటింగులో వాడు డైలాగులు చెప్పడని, ఏక్ దో తీన్ చార్ అని అంకెలు చదువుతాడని, కళ్లెర్రజేసి ఏక్ దో అని గర్జిస్తాడని, ఏడుస్తూ సాత్ ఆఠ్ అంటాడని పట్టాభి ఇంటికొచ్చి నటించి చూపిస్తే తనూ సాయిసుధా పొట్టలు పట్టుకుని నవ్వేవాళ్లు. ఆ అంకెల మీద ఈయన తన ఊపిరి కూర్చి మాటలు చేస్తాడు. జనం వాడిని చూసి వణుకుతారు. ఇవాళ లోపల జరుగుతున్నదీ అదే. గొంతు తీయించుకోబోయే మనిషి, మిగిలిన ఒక్కరోజు గొంతునీ తీసుకెళ్లి అంకెలు చదివేవాడి నోట్లో పోస్తున్నాడు. ఇంటి దగ్గర పాటకొచ్చే పిల్లలు, నిన్న పొద్దున్న, అంకుల్ ఒక్కసారి సా పట్టరా అనడిగితే, రేపు క్లైమాక్సుందమ్మా గొంతు దాచుకోవాలన్నాడు. పిల్లలకి లేదన్నాడు. రాత్రి తను పక్కన కూర్చుని ఏదైనా మాట్లాడండీ అంటే చేత్తో వద్దని సైగ చేశాడు. తనకీ లేదన్నాడు. అదీ మంట. జబ్బు మీద కాదు, చావు మీద కాదు. తన వాటా కూడా తీసుకొచ్చి ఇక్కడ పోస్తున్నాడు.

"టేక్ నడుస్తున్నది మేడం, లోపటికి పోవద్దు" అన్నాడు రాఘవేంద్ర వెనకనుంచి, చాలా మెల్లగా, ఎర్రలైటు కింద అందరూ మాట్లాడే గొంతులో. ఆవిడ తలుపు తీసింది.

చీకటి, ఏసీ చలి. ఎదురుగా తెరనిండా ఆ విలను మొహం, దాని ముందు మైకు, మైకు ముందు నిలబడి పట్టాభి, ఒంటిచేత్తో స్టాండు పట్టుకుని, చెమటకి చొక్కా వీపుకి అంటుకుపోయి. ఆయన అరుస్తున్నాడు. ఎంత అరుపో. అది విని ఆవిడకి ఒక్క క్షణం నిజంగానే ఒళ్లు జలదరించింది, బాగుంది ఆ గొంతు, అవును, చాలా బాగుంది, అందుకు ఇంకా కోపం వచ్చింది. ఆవిడ గాజులు గలగలమన్నాయి. ఆయన ఆగిపోయి వెనక్కి తిరిగాడు.

"అమ్మా, టేకులో ఉన్నాం" అంది స్పీకరు.

"తెలుసు నాయనా. అందుకే వచ్చాను" అంది ఆవిడ, అద్దం అవతల డైరెక్టరూ ఇంజినీరూ కూర్చున్న చీకటిగదిలోకి. "ఇది కూడా రికార్డు చేసుకో. రేపు ఇంకెవరినైనా జీర పోనివ్వకండి అనేముందు విను. మూడువారాల్లో తగ్గని జీర వరం కాదు, రోగం. మీరంతా ఏడాదిపాటు విన్నారు."

పట్టాభి పెదాలు తుడుచుకున్నాడు. తుడుచుకున్న వేళ్ల కేసి ఆయన చూడలేదు గానీ ఆవిడ చూసింది. "ఒక్క లైను మిగిలింది బాలా" అన్నాడు. మైకు ముందు సింహంలా అరిచిన గొంతు, ఆవిడతో మాట్లాడేసరికి ఊపిరిగా మిగిలింది.

"నాకు అదీ లేదన్నారు రాత్రి" అంది. "ఆ లైను కారులో నాతో చెప్పండి. ఏదైనా సరే. తిట్టండి. మంచం పోతుంది, లేవండి."

ఆయన అద్దం వైపు చూశాడు. అలవాటు, అక్కణ్ణించి ఓకే రావాలి. రాలేదు. ఇంకాసేపు చూసి, తనే హెడ్‌ఫోన్ తీసి స్టాండుకి తగిలించాడు. ఆవిడ ఆయన చెయ్యి పట్టుకుంది, పట్టుకుని గుమ్మం దాటిస్తూ ఒక్కసారి వెనక్కి చూసింది. బొమ్మని ఆపాలన్న ధ్యాస ఎవరికీ లేనట్టుంది. తెరమీద ఆ పెద్ద మొహం కళ్లెర్రజేసి, మెడనరాలు పొంగించి, నోరు తెరుస్తోంది, మూస్తోంది. చప్పుడు లేదు. పెదాలని చూస్తే ఇట్టే తెలిసిపోతోంది. పాంచ్, ఛే, సాత్, ఆఠ్. వాడు ఊరికే అంకెలు లెక్కపెట్టుకుంటున్నాడు.